బ్లాక్‌బెర్రీలు తింటున్నానని షుగర్ మాత్రలు తగ్గించొచ్చా?

ప్రశ్న: నా వయసు 54. ఎనిమిదేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. బ్లాక్‌బెర్రీలు షుగర్‌ను తగ్గిస్తాయని విని రెండు నెలలుగా రోజూ తింటున్నాను. మా అబ్బాయి హైదరాబాద్ నుంచి తెస్తున్నాడు. నేరేడు గింజల పొడి కూడా వేసుకుంటూ మాత్రలు సగానికి తగ్గించాను. ఈ పండ్లలో ఏ పోషకాలుంటాయి? రోజుకు ఎన్ని తినొచ్చు? నేరేడు, ఇవీ ఒకటేనా? అరికాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయి. బొటనవేలి దగ్గర చిన్న పుండు మూడు వారాలైనా మానలేదు.
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన పుండు సంగతే ముందు చూడాలి. షుగర్ ఉన్నవాళ్లకు మూడు వారాలుగా మానని పుండు చిన్నదేమీ కాదు. తిమ్మిరి వల్ల నొప్పి తెలియక లోపల చీము పట్టినా గమనించరు. రేపే దగ్గర్లోని డాక్టర్‌కో, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనో చూపించండి. ఎర్రబడినా, వాచినా, వాసన వచ్చినా, నల్లబడినా, జ్వరం వచ్చినా ఈరోజే వెళ్లండి. పసుపు, ఆకు పసర్లు పెట్టొద్దు, వేడినీళ్లలో కాలు ముంచొద్దు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి.

రెండోది మాత్రలు. ఎవరినడిగి సగం చేశారమ్మా? మా దగ్గరికి కాలు పుండ్లతో వచ్చేవాళ్లలో చాలామంది చెప్పేది ఇదే: 'బాగానే ఉంది కదా అని మానేశా'. షుగర్ పెరిగినా చాలాకాలం ఒంటికి ఏమీ తెలియదు. ఆ లోపల నరాలు, కిడ్నీలు, కళ్లు దెబ్బతింటుంటాయి. అలాగని ఇప్పుడు మీ అంతట మీరే మళ్లీ డోసు పెంచుకోకండి. పరగడుపున, తిన్నాక షుగర్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పేది), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), మూత్ర పరీక్ష చేయించి, మీ డాక్టర్‌తో మాట్లాడి డోసు సరిచేయించుకోండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బి12 తగ్గి కూడా తిమ్మిర్లు రావచ్చు, అదీ చూడమనండి. ఆ అనుమానంతో మాత్ర మాత్రం ఆపొద్దు. ఖర్చు భయమైతే ఈ మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు.

ఇక పండ్లు. బ్లాక్‌బెర్రీ మంచి పండే. 100 గ్రాముల్లో సుమారు 43 కేలరీలు, 10 గ్రాముల పిండి పదార్థం ఉంటాయి, అందులో సగం పైగా పీచే. విటమిన్ సి 21 మిల్లీగ్రాములు. విటమిన్ కె, మాంగనీసు కూడా ఉంటాయి. ఆ నల్లని రంగు ఆంథోసయనిన్లనే సహజ రంగు పదార్థాలది. పీచు ఎక్కువ, చక్కెర తక్కువ కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు ఒక చిన్న గిన్నెడు తినొచ్చు. జ్యూస్, జామ్ వద్దు. విటమిన్ కె ఉంటుంది కాబట్టి, రక్తం పలుచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌కు చెప్పి తినాలి. ఇది మాత్రకు బదులు కాదు.

నేరేడు వేరే చెట్టు. బ్లాక్‌బెర్రీ గులాబీ కుటుంబానిది, నేరేడు జామ కుటుంబానిది. వానాకాలం మొదట్లో మన బజార్లోకి వచ్చే నేరేడు పండ్లు మితంగా తినండి. గింజల పొడి మనుషుల్లో షుగర్‌ను నమ్మకంగా తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారాల్లేవు. పైగా గ్లిమెపిరైడ్‌తో కలిపితే షుగర్ మరీ పడిపోవచ్చు. డాక్టర్‌ను కలిసేదాకా ఆపండి. అంత ఖరీదైన పండ్లు హైదరాబాద్ నుంచి తెప్పించాల్సిన అవసరమూ లేదు, మన జామకాయలో విటమిన్ సి వాటికి దాదాపు పదింతలు.

ఉత్తరం చూసి ఇచ్చిన సలహా ఇది, కాలు చూసిన డాక్టర్ మాటే మీకు ముఖ్యం. వెళ్లేటప్పుడు పాత చీటీలు, ఆ గింజల పొడి డబ్బా కూడా తీసుకెళ్లండి.