హార్మోన్ మాత్రలతో కాళ్లు వాస్తే నీళ్లు తగ్గించాలా?

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారని, ఈస్ట్రోజెన్ మాత్రలు మొదలుపెట్టాక సాయంత్రానికి పాదాలు ఉబ్బుతున్నాయని, అందుకే నీళ్లు తాగడం తగ్గించానని రాశారు. చెల్లీ, ముందు ఆ పని మానండి. మన వరంగల్ ఎండలకు నీళ్లు తగ్గిస్తే మూత్రంలో మంట, కళ్లు తిరగడం తప్ప వాపు తగ్గదు.

నాకూ నలభై దాటగానే ఇదే ఆపరేషన్ అయింది. మాత్రలు మొదలుపెట్టిన కొత్తలో మెట్టెలు బిగుసుకుపోయి, సబ్బు రాసినా వచ్చేవి కావు. చీలమండ పైన బొటనవేలితో నొక్కితే గుంట పడేది, అది పూడటానికి కాసేపు పట్టేది.

హనుమకొండలో నన్ను చూసే డాక్టరమ్మ కారణం వివరంగా చెప్పింది. మింగిన ఈస్ట్రోజెన్ పేగుల నుంచి నేరుగా కాలేయానికి వెళ్లి, అక్కడ యాంజియోటెన్సినోజెన్ అనే ప్రొటీన్‌ను పెంచుతుంది. దాంతో ఆల్డోస్టిరాన్ అనే, ఉప్పును ఒంట్లో ఆపే హార్మోన్ పెరిగితే కిడ్నీలు ఉప్పును బయటికి వదలవు. ఉప్పు ఆగితే నీరూ ఆగుతుంది. సహజ ప్రొజెస్టిరాన్ అనే ఇంకో ఆడ హార్మోన్ ఆల్డోస్టిరాన్‌కు అడ్డుపడుతుంది, కానీ గర్భసంచి లేనివాళ్లకు సాధారణంగా ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తారు.

కాబట్టి తగ్గించాల్సింది ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే దాదాపు ఒక టీ చెంచా. పూటపూటకీ మామిడికాయ తొక్కు, అప్పడాలు, సల్లలో ఇంకాస్త ఉప్పు, ఇలా తింటే మనం ఆ హద్దు ఎప్పుడో దాటేస్తాం. నేను తొక్కును వారానికోసారికి తెచ్చుకున్నాను. డాక్టరమ్మ మాత్ర ఆపి, చర్మానికి రాసుకునే జెల్ ఇచ్చింది. అది ముందుగా కాలేయానికి పోదు కాబట్టి ఈ ప్రభావం తక్కువ. ఆ తర్వాత మెట్టెలు వదులయ్యాయి. చాలామందికి మాత్ర మార్చకుండానే మొదటి రెండు మూడు నెలల్లో వాపు సర్దుకుంటుంది.

మెడికల్ షాపులో అడిగి నీరు పోయే మాత్ర మాత్రం వేసుకోకండి, రక్తంలో సోడియం, పొటాషియం తారుమారవుతాయి. హార్మోన్ కూడా మీ అంతట మీరు ఆపొద్దు. చిన్న వయసులో అండాశయాలు పోయినవాళ్లకు ఎముకలు గట్టిగా ఉండాలంటే అది కావాలి.

ఒక్క కాలే వాచి పిక్క నొప్పి పెడితే, లేదా ఆయాసం వస్తే రేపటిదాకా ఆగకండి. అది రక్తం గడ్డ కావచ్చు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంకొకటి, మీరు బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నారా? దానికీ చీలమండలు వాస్తాయి. మందుల చీటీలన్నీ తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి.