గతుకుల్లో పికప్ పక్కకు లాగుతుంటే: ర్యాక్ ఎత్తు చూడండి

సస్పెన్షన్ మార్చిన పాత పికప్, ఎన్నిసార్లు అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సర్దుబాటు) చేయించినా గతుకుల్లో పక్కకు లాగుతోందంటే, స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే అడ్డ కడ్డీ భాగం) ఎత్తు మారి ఉంటుంది. 1955 షెవర్లే పికప్‌కు సీ4 కార్వెట్ (షెవర్లే స్పోర్ట్స్ కారు నాలుగో తరం) ముందు సస్పెన్షన్ బిగించేటప్పుడు, ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ ప్యాన్‌కు తగులుతుందని ర్యాక్‌ను కదుపుతుంటారు. నిలబడిన బండిని కొలిచే అలైన్‌మెంట్‌లో ఈ తప్పు కనబడదు. అందుకే మీరు ఎన్నిసార్లు చేయించినా గతుకుల్లో బండి పక్కకు లాగుతూనే ఉంది.

1. ఫ్రేమ్‌ను, బండి రోడ్డు మీద నడిచేటప్పుడు ఉండే ఎత్తులోనే స్టాండ్ల మీద నిలపండి.

2. అడ్డంగా ఉండే ఫైబర్‌గ్లాస్ కమాను పట్టీని విప్పేయండి. చాలామంది వదిలేసేది ఇదే. పట్టీ ఉంటే జాక్ ఎత్తగానే బండే లేస్తుంది, చక్రం కదలదు. బిగువు మీద ఉంటుంది, పట్టి ఉంచే సాధనం లేకుండా దయచేసి విప్పకండి.

3. స్టీరింగ్‌ను తిన్నగా ఉంచి కట్టేసి, హబ్‌కు (చక్రం బిగించే మధ్య భాగానికి) చదునైన పలక బిగించండి. హబ్‌ను జాక్‌తో 5 సెం.మీ. పైకి, 5 సెం.మీ. కిందికి కదుపుతూ పలక ముందంచు, వెనకంచు ఎంత జరిగాయో సెంటీమీటరుకోసారి రాసుకోండి.

చక్రం లేచినప్పుడు ముందంచు బయటికి, దిగినప్పుడు లోపలికి తిరిగితే ర్యాక్ ఎక్కువ ఎత్తులో ఉంది, దించండి. దీనికి వ్యతిరేకంగా తిరిగితే ర్యాక్‌ను ఎత్తండి. చక్రం లేచినా దిగినా లోపలికే తిరిగితే టై రాడ్ (ర్యాక్‌ను చక్రానికి కలిపే కడ్డీ) పొట్టిది, ఎత్తు సరిచేసి లాభం లేదు.

ర్యాక్‌ను సరైన ఎత్తులో పెట్టడానికి ఆయిల్ ప్యాన్ అడ్డమొస్తే ప్యాన్‌నే మార్చండి.