ఆరేళ్లు బతికే స్విచ్చికి ఇరవై ఏళ్ల అప్పా?

ప్రశ్న: హైదరాబాద్ తెల్లాపూర్‌లో మూడు బెడ్‌రూమ్‌ల ఫ్లాటు బుక్ చేశాం, కోటీ 32 లక్షలు. ఇప్పుడే గోడలు లేస్తున్నాయి. బిల్డర్ ఇంకో 8 లక్షలకు స్మార్ట్ హోమ్ ప్యాకేజీ ఇస్తానంటున్నాడు. టచ్ స్విచ్చులు, మోటార్ కర్టెన్లు, తాళం, కెమెరాలు, అన్నీ యాప్‌లోనే. హోమ్ లోన్‌లో కలిపేస్తే ఈఎంఐలో తేడా తెలియదని, కరెంటు బిల్లు 30 శాతం తగ్గుతుందని మార్కెటింగ్ అబ్బాయి చెబుతున్నాడు. మా ఇద్దరికీ కలిపి చేతికి 2 లక్షల 5 వేలు వస్తాయి, కారు లోన్ 14 వేలు పోతుంది. అవసరానికని 6 లక్షల ఎఫ్‌డీ ఉంచుకున్నాం. అత్తయ్య, మామయ్య మాతోనే ఉంటారు. ఈ నెలాఖరులోగా చెప్పమంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: వద్దండి. ఆ ప్యాకేజీయే వద్దు, హోమ్ లోన్‌లో కలపడం అసలే వద్దు. ఇంటికి స్మార్ట్ వస్తువులు వద్దని కాదు, మా ఇంట్లోనూ ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చెబుతాను. ముందు లెక్క చూద్దాం.

"లోన్‌లో కలిపేస్తాం" అన్నది సగం నిజం. 75 లక్షలు దాటిన హోమ్ లోన్‌కి రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం బ్యాంకు ఇంటి విలువలో 75 శాతం మించి ఇవ్వకూడదు. అంటే ఆ 8 లక్షల్లో మీకు దొరికేది గరిష్ఠంగా 6 లక్షలు, మిగతా 2 లక్షలు మీ జేబులోంచే. పైగా ప్యాకేజీ ధర ఫ్లాటు ధరలో కలిసిపోతే, కడుతున్న ఇల్లు కాబట్టి దాని మీదా 5 శాతం జీఎస్టీ, రిజిస్ట్రేషన్ రోజున తెలంగాణలో మరో 7.5 శాతం. అంటే 40 వేలు, 60 వేలు, కలిపి లక్ష. కర్టెన్ మోటారుకి స్టాంపు డ్యూటీ కట్టిన ఘనత మనకే దక్కుతుంది! మొత్తానికి చేతి నుంచి 3 లక్షలు పోతాయి, అంటే మీ ఎఫ్‌డీలో సగం. ఆ సొమ్ము దేనికి దాచుకున్నారో మీకే తెలుసు, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లున్నారు.

ఇక అప్పుగా వచ్చే 6 లక్షలు. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే నెలకు 5,200, మొత్తం కట్టేది 12 లక్షల 50 వేలు. చేతి నుంచి పెట్టిన 3 లక్షలు కలిపితే పదిహేనున్నర. రెండో ఏడు నుంచి ఏఎంసీ, అంటే ఏటా కట్టే మెయింటెనెన్స్ రుసుము కూడా ఉంటుంది, మీకెంత చెప్పారో రాయలేదు. ఏడాదికి 15 వేలే అనుకున్నా, 18 శాతం జీఎస్టీతో 17,700, పంతొమ్మిదేళ్లకు ఇంకో 3 లక్షల 36 వేలు. 8 లక్షలది కాస్తా దాదాపు 19 లక్షలైంది. ఇరవై ఏళ్లలో రూపాయి విలువ పడిపోతుంది కదా అంటారేమో, నిజమే, కానీ మధ్యలో టచ్ ప్యానెళ్లు పాడైతే మార్చే ఖర్చు నేనింకా ఇందులో వేయనే లేదు.

ఇంకో సంగతి. ప్యాకేజీ లేకుండానే, ఫ్లాటు ధరలో 75 శాతం అప్పు తీసుకుంటే, 99 లక్షల లోన్‌కి ఈఎంఐ 86 వేలు, కారుతో కలిపి లక్ష. వచ్చే జీతంలో దాదాపు సగం అక్కడే పోతోంది. నేనైతే 40 శాతం దగ్గరే గీత గీస్తాను. వడ్డీకి టాక్స్ తగ్గుతుందనుకుంటే, కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇంటికి ఆ మినహాయింపు లేదు.

కరెంటు బిల్లు మాట. మూడు ఏసీలు వాడే నెలల్ని కూడా కలుపుకుని మీ బిల్లు సగటున 4 వేలు అనుకుందాం. అతను చెప్పిన 30 శాతం అక్షరాలా నిజమైనా మిగిలేది 1,200, కట్టేది 5,200. ఇంకో తమాషా ఏంటంటే, ఈ టచ్ మాడ్యూళ్లు వైఫై కోసం రోజంతా మేలుకునే ఉంటాయి. ఒక్కోటి అర వాట్ తాగినా ఇంట్లో 40 ఉంటే నెలకు 14 యూనిట్లు, మీరు ఒక్క లైటూ వేయకముందే. నిజంగా బిల్లు తగ్గాలంటే బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అంటే తక్కువ కరెంటు తాగే మోటారున్నవి పెట్టించండి. మామూలు ఫ్యాను 75 వాట్లు తీసుకునే చోట ఇది 30 వాట్లలో తిరుగుతుంది. రోజుకు 12 గంటల చొప్పున నాలుగు ఫ్యాన్లకి నెలకు 65 యూనిట్లు మిగులుతాయి. ఫ్యాను ఒక్కోటి 3 వేలు, రెండేళ్లలో పెట్టిన డబ్బు వెనక్కొచ్చేస్తుంది. రిమోట్ కూడా ఇస్తారు, మామయ్యగారు మంచం దిగక్కర్లేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మేం కొన్న ఫ్లాటుకి ఇలాంటి ప్యాకేజీయే అంటగట్టారు, నేనూ సంతకం పెట్టాను, ఊళ్లోవాళ్లకి లెక్కలు చెప్పే మనిషినే. పూజగది పక్కన నల్లటి గాజు ప్యానెల్. మా అమ్మ పొద్దున్నే తలస్నానం చేసి, తడి చేతులతో, వేలికి పసుపుతో దాన్ని నొక్కుతుంది, అది పలకదు. కొంగుతో తుడిచి మళ్లీ నొక్కితే పూజగది లైటుకి బదులు హాల్లో ఫ్యాను తిరుగుతుంది. నెల రోజులు చూసి, వీధి చివర ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ ఒక్క లైటుకీ మామూలు టిక్కు స్విచ్చి పెట్టించింది, 350 రూపాయలు. మూడో ఏడు ఆ యాప్ నడిపే సంస్థ ఫోన్లెత్తడం మానేసింది. ఇప్పుడు ప్యానెళ్లు గోడమీదే పనిచేస్తాయి, ఫోన్లో కాదు. అంటే మేం కొన్నది చాలా ఖరీదైన మామూలు స్విచ్చులు.

చిన్న కంపెనీ కాబట్టి అలా అయిందనుకోకండి. అమెరికాలో రివాల్వ్ అని, ఇంట్లో స్మార్ట్ వస్తువులన్నిటినీ కలిపి నడిపే 300 డాలర్ల డబ్బా (హబ్) ఉండేది. ఆ కంపెనీని గూగుల్ చేతిలో ఉన్న నెస్ట్ 2014లో కొనేసి, 2016 మే నెలలో సర్వర్ ఆపేసింది, అందరి ఇళ్లలో డబ్బాలూ మూగబోయాయి. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే మరో స్మార్ట్ హోమ్ కంపెనీ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. గోడలో వైరు పాతికేళ్లు ఉంటుంది, దాని చివర బిగించిన చిప్పు ఫోన్ లాంటిది, ఐదారేళ్లకి పాతబడుతుంది. అందుకే వైరుకి హోమ్ లోన్ పెట్టండి, చిప్పుకి పెట్టకండి.

అలాగని మొత్తం వదిలేయమనను. గోడలు ఇంకా పూర్తి కాలేదు కాబట్టి మీకున్న అవకాశం ఇదే. సైట్ ఇంజినీర్‌ని కలిసి ప్రతి స్విచ్ బోర్డులోకీ న్యూట్రల్ వైరు వేయమనండి. ప్లగ్గున్న బోర్డుల్లో ఎలాగూ ఉంటుంది, ఉత్త లైట్ల బోర్డుల్లోనే ఎగ్గొడతారు, అది లేకపోతే రేపు చాలా స్మార్ట్ స్విచ్చులు బిగించలేరు. లోతైన బాక్సులు, కర్టెన్ల దగ్గర ఒక్కో పాయింటు, హాలు సీలింగుకీ మెయిన్ డోరుకీ నెట్ కేబుల్, డీబీలో (ఇంటి మెయిన్ కరెంటు బోర్డులో) హఠాత్తుగా వోల్టేజీ ఎగిస్తే కాపాడే సర్జ్ ప్రొటెక్టర్. ఎక్స్‌ట్రా వర్క్ కింద ఎంతో రాసిమ్మనండి, ఆ 8 లక్షలతో పోలిస్తే చిన్న మొత్తమే అవుతుంది.

వస్తువులు గృహప్రవేశం తర్వాత, జీతంలోంచి, ఒక్కోటీ కొనుక్కోండి. మీ ఇంటికైతే నేను మొదట కొనేది అత్తయ్యగారి బాత్రూమ్ దారిలో మోషన్ సెన్సర్ లైటు, రాత్రిళ్లు స్విచ్చి వెతుక్కోకుండా, ఏడెనిమిది వందలు. తర్వాత వంటింట్లో గ్యాస్ లీక్ అలారం, వీడియో డోర్‌బెల్, గీజర్‌కి 16 ఆంప్స్ టైమర్ ప్లగ్గు. తాళం చివర్లో కొనండి, మామూలు తాళంచెవితో కూడా తెరుచుకునేదే కొనండి. అన్నీ కలిపినా 50 వేల లోపే. కంపెనీ మారినా వేరే యాప్‌లో పనిచేసేలా మ్యాటర్ (వేర్వేరు కంపెనీల వస్తువులు కలిసి పనిచేసేందుకు పెట్టుకున్న ఉమ్మడి ప్రమాణం) గుర్తు ఉన్నవి చూసుకోండి.

రీసేల్‌లో ధర వస్తుందన్న ఆశ కూడా పెట్టుకోకండి. ఫ్లాటు చూడ్డానికి వచ్చినవాళ్లు ఫేసింగ్ అడుగుతారు, యూడీఎస్ (స్థలంలో మన వాటా) ఎంతని అడుగుతారు, ఎండాకాలం ట్యాంకర్లు వస్తాయా అంటారు, రెండో కారు ఎక్కడ పెట్టాలంటారు. యాప్ పాస్‌వర్డ్ అడిగినవాళ్లని నేనింతవరకూ చూడలేదు.

ఇంత చెప్పినా మీవారికి మనసు అటే ఉందంటే, సంతకానికి ముందు అది ఏ అగ్రిమెంటులో రాస్తున్నారో చూడండి. విడిగా వెండర్‌తో రాయిస్తే రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పుతుంది, కానీ 18 శాతం జీఎస్టీ పడుతుంది, చేతిలో వాళ్లిచ్చే ఏడాది వారంటీ మాత్రమే ఉంటుంది. ఫ్లాటు అగ్రిమెంటులోనే మోడల్ నంబర్లతో సహా రాయిస్తే, పనితనంలో, నాణ్యతలో లోపాలకి పొసెషన్ నుంచి ఐదేళ్ల దాకా బిల్డర్‌ని రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కింద నిలదీసే వీలుంటుంది. ఆ జాబితాలో "లేదా తత్సమానమైనది" అన్న మాట కనిపిస్తే కొట్టేయించండి, చవక సరుకు దూరేది ఆ సందులోంచే.

నెలాఖరు గడువు సంగతి పట్టించుకోకండి, వచ్చే నెల అడిగినా ఇస్తారు. తొందరంతా వైరింగుకే. ప్లాస్టరింగ్ మొదలయ్యే ముందు ఒక ఆదివారం వెళ్లి, ప్రతి గోడకీ కొలత టేపు ఆనించి పట్టుకుని పైపులు కనిపించేలా ఫోటోలు తీసుకోండి, రేపు టీవీ బిగించేవాడు డ్రిల్లు పట్టుకుని "ఎక్కడ కొట్టమంటారు సార్" అన్నప్పుడు ఆ ఫోటోలే అక్కరకొస్తాయి.