మిద్దె మీద మిరప పూత రాలిపోతోంది, హార్మోన్ మందు కొట్టవచ్చా?

కొట్టొచ్చు. నేను కొట్టాను. పన్నెండు కుండీల మిరప మొక్కల్ని నా చేత్తోనే నాశనం చేసుకున్నాను కూడా.

మాది విశాఖలో ఎంవీపీ కాలనీ. నిరుడు ఏప్రిల్‌లో పొద్దున్నే మిద్దెక్కితే చాలు, తెల్లటి పూతంతా కుండీల చుట్టూ రాలి కనిపించేది. పెందుర్తి వైపు పొలం చేసే మా బావగారు "ఎన్‌ఏఏ కొట్టవయ్యా, పూత నిలబడుద్ది" అన్నారు. ఎన్‌ఏఏ అంటే పూత నిలపడానికి కొట్టే హార్మోన్ మందు. తెచ్చాను. 4.5 శాతం మందు. 4.5 లీటర్ల నీళ్లకి 1 మిల్లీలీటరు కలపాలి. నా స్ప్రేయరు లీటరుది. ఆ ఒక్క చుక్కని ఎవడు కొలుస్తాడని సీసా మూతతో ఒక మూత పోసేశాను. మూత 5 మిల్లీలీటర్లు! పది పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో పది పాళ్లు) ఉండాల్సింది 225 అయింది.

మూడో రోజుకి ఆకులు మెలితిరిగి, కొమ్మలు వాలిపోయాయి. మిగిలిన పూత కూడా రాలింది. "నిలబడ్డం అంటే ఇదేనా?" అంది మా ఆవిడ. ఈ ఎన్‌ఏఏ ఆక్సిన్ జాతి మందు, అంటే మొక్క పెరుగుదలని నడిపే హార్మోన్ల రకం. కొద్దిగా పడితే పూవు తొడిమ పట్టు వదలదు, ఎక్కువైతే మొక్కే ఇథిలీన్ అనే గ్యాస్ పుట్టించి అన్నీ రాల్చేస్తుంది. కలుపు చంపే 2,4-డి కూడా ఈ జాతిదేనని తర్వాత తెలిసింది.

మా అమ్మాయి "హార్మోన్లు కొట్టిన కాయలు నేను తినను" అంది. చేతిలో మొటిమల ఫేస్‌వాష్, అందులో సాలిసిలిక్ ఆమ్లం. అదీ మొక్కల హార్మోనే తల్లీ, తెగుళ్లు తట్టుకోడానికి మొక్క తనే తయారుచేసుకుంటుంది అంటే వినదు. మామిడిపళ్ల దగ్గరా ఇదే గోల. కాయలు మాగబెట్టే కార్బైడ్ హార్మోన్ కాదు, దాన్ని నిషేధించారు. ఇథిలీన్ గ్యాస్‌కి మాత్రం 100 పీపీఎం దాకా అనుమతి ఉంది. మా మామ్మ సువర్ణరేఖ కాయల్ని బియ్యం డబ్బాలో మాగేసేది కదా, అక్కడ పని చేసింది కాయలు వదిలిన ఆ గ్యాసే.

సరే, మీ మొక్కల సంగతి. ముందు ఆకు చూడండి. పైకి ముడుచుకుంటే తామర పురుగు, ఈ మందు దానికి పనిచేయదు. కుండీలో నీళ్లు నిలుస్తున్నాయేమో చూసుకోండి, మధ్యాహ్నం ఎండకి గ్రీన్ నెట్ కట్టండి. అప్పటికీ రాలుతుంటే మెడికల్ షాపులో 1 మిల్లీలీటరు సిరంజి కొనుక్కుని, లీటరు నీళ్లకి 0.22 మిల్లీలీటరు కొలిచి, సాయంత్రం పూట కొట్టండి.

నావాటిలో రెండు మొక్కలు చిగురేశాయి. మిగతా పది కుండీల్లో గోంగూర వేశాను. దానికి పూతతో పనే లేదు.