ఢిల్లీ వెళ్తున్న అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి చిన్నతాతయ్య ఆశీస్సులు.

ఆగస్టులో ఢిల్లీలో ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ చూడ్డానికి వెళ్తున్నావని, ఆఫీసులో సెలవు కూడా పెట్టేశావని మీ అమ్మ చెప్పింది. వినగానే కంగారు పడ్డాను. అంత దూరం, అంత జనం, ఒక్కదానివి. సాయంత్రం అయ్యేసరికి మాత్రం ఎదురుపడ్డ ప్రతివాడికీ "మా మనవరాలు సాత్విక్ ఆట చూడ్డానికి ఢిల్లీ వెళ్తోందిరా" అని చెప్పుకుని తిరిగాను. అమలాపురం పేరు టీవీలో వినాలంటే తుఫానైనా రావాలి అనుకున్న తరం మాది. అక్కడి కుర్రాడు కొట్టిన స్మాష్ గంటకి 565 కిలోమీటర్ల వేగంతో వెళ్లి గిన్నిస్ రికార్డయిందంటే, ఆ అంకె నేను ఇప్పటికి ఎంతమందికి అప్పజెప్పానో నాకే తెలీదు.

ఆధార్ కార్డు, ఛార్జరు, మందులు నీకు చెప్పక్కర్లేదు. నూలుబట్టలు పెట్టుకో, ఆగస్టులో అక్కడా ఉక్కపోతే. టికెట్ల విషయంలో మాత్రం కాస్త బుర్ర పెట్టు. ఇది లీగు కాదు, ఒక్క మ్యాచ్ పోతే ఇంటికే. ఫైనల్ రోజుకే కొనుక్కుని కూర్చుంటే, తీరా మనవాళ్లు అక్కడిదాకా రాకపోతే ఏం చేస్తావు? ముందు రోజులవి చూసుకో. మధ్యలో ఓడిపోయారని పెట్టె సర్దేసుకుని వచ్చేయకు. ఆట అంటే ఇష్టం ఉన్నదానివి, మిగతావాళ్ల ఆట కూడా చూడు.

నేనేమీ అపశకునం పలకడం లేదు. మన డబుల్స్ జంట సాత్విక్, చిరాగ్‌ల వెనక పడ్డవాళ్లకి ఈ కుదుపులు కొత్త కాదు. టోక్యో ఒలింపిక్స్‌లో గ్రూపులో మూడింట రెండు గెలిచారు, అందులో ఒకటి చివరికి స్వర్ణం కొట్టిన తైవాన్ జంట మీద. అయినా లెక్కల్లో క్వార్టర్స్‌కి వెళ్లలేదు. ఆ లెక్క నువ్వు నాకు కాగితం మీద వేసి చూపించావు, సగమే అర్థమైంది, కడుపుమంట మాత్రం పూర్తిగా అర్థమైంది. మరుసటేడు, 2022 మేలో, మగవాళ్ల జట్ల ప్రపంచ పోటీ థామస్ కప్ ఫైనల్లో, ఆ కప్పు పద్నాలుగుసార్లు గెలిచిన ఇండోనేసియాని బ్యాంకాక్‌లో 3-0తో కొట్టాం. ఆ డబుల్స్‌లో వీళ్లిద్దరూ ఓటమి అంచుదాకా వెళ్లి, మ్యాచ్ పాయింట్లు కాచుకుని తిరిగొచ్చారు. నువ్వు ఫోన్‌లో ఏడుస్తున్నావో నవ్వుతున్నావో తెలీలేదు.

ఇక 2024 ఆగస్టు 1, పారిస్. ఒలింపిక్ క్వార్టర్ ఫైనల్, మలేసియా జంట మీద. మొదటి గేమ్ 21-13తో మనది. నేను చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని టీవీ పెట్టాను. రెండో గేమ్ జారిపోవడం మొదలయ్యింది. నీ ఫోన్ మోగింది. "తాతయ్యా, టీవీ పెట్టావా? ప్లీజ్, కట్టెయ్. నువ్వు పెట్టిన దగ్గర్నుంచే పాయింట్లు పోతున్నాయి." కట్టేసి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. మూడోది 16-21తో పోయింది. రాత్రి మళ్లీ చేశావు. "నిజం చెప్పు, కిటికీలోంచి చూశావు కదూ?"

నేను నవ్వేశాను. నవ్వానుగానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ మాట ఈ ఇంట్లో అంతకుముందు ఒకసారి పుట్టింది. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను, నూలుబట్టల గురించి కాదు.

మీ తాతయ్య కుర్చీ కథ నీకు తెలుసు. 2001 మార్చి 14, కలకత్తా టెస్టు నాలుగో రోజు. పొద్దున్న 109తో దిగిన లక్ష్మణ్ సాయంత్రానికి 275 మీద ఉన్నాడు, పక్కన ద్రవిడ్ 155. రోజంతా ఒక్క వికెట్టు పడలేదు, అన్నయ్య పేము కుర్చీలోంచి లేవలేదు. అన్నం అక్కడికే, చుట్ట అక్కడే. ఆ రోజు మన శివారు చేనుకి కాలవ నీళ్ల వంతు. దాళ్వా అప్పుడే ఈనుతోంది. నీళ్లు పెట్టుకోండని కబురొస్తే చెయ్యి ఊపి పంపేశాడు. వంతు దాటిపోయింది. ఆ చెక్కలో గింజ కంటే తాలు ఎక్కువ పండింది. "నేను లేచుంటే లక్ష్మణ్ ఔటయ్యేవాడు" అని పోయేదాకా అన్నాడు. దీన్ని మనం పెళ్లిళ్లలో చెప్పుకుని నవ్వుకుంటాం.

1996ది ఎవరూ చెప్పుకోరు.

అది మార్చి 13. ఈడెన్ గార్డెన్స్‌లో శ్రీలంకతో వరల్డ్ కప్ సెమీ ఫైనల్. మన సావిడి నిండా వీధి జనం. కరెంటు పోతే నా పరువు పోతుందని (అప్పుడు నేను లైన్‌మన్‌ని) నా గుండెలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. శ్రీలంక 251. మనం ఒక్క వికెట్టుకి 98. సచిన్ 65 మీద ఉన్నాడు. మీ అమ్మకి అప్పుడు పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. సచిన్ అంటే పిచ్చి. పేపర్లో వచ్చిన బొమ్మలు కత్తిరించి లెక్కల నోటుపుస్తకం అట్ట మీద అంటించుకునేది. పెద్దవాళ్లకి మజ్జిగ ఇమ్మని మీ అమ్మమ్మ పళ్లెం చేతికిచ్చింది. స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడు కాకుండా మెల్లిగా నడుచుకుంటూ వచ్చి గడప దాటింది. అదే క్షణంలో సచిన్ స్టంపౌట్.

"ఎవరు రమ్మన్నారే నిన్ను? నీ అడుగు పడింది, వాడు పోయాడు" అన్నాడు అన్నయ్య.

అంతమందిలో. పదిహేనేళ్ల పిల్లని. సావిట్లో ఒక్కరూ నోరెత్తలేదు. మీ అమ్మ పళ్లెం గడప మీదే పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత వికెట్టు పడ్డప్పుడల్లా అన్నయ్య వంటింటి గుమ్మం వైపు చూసేవాడు. 120కి ఎనిమిది. స్టేడియంలో సీసాలు విసిరారు, మంటలు పెట్టారు, చివరికి మ్యాచ్ శ్రీలంకకి ఇచ్చేశారు. కాంబ్లీ ఏడుస్తూ బయటికి రావడం చూసి వీధి వీధంతా కళ్లు తుడుచుకుంది. లోపల ఏడుస్తున్న పిల్ల సంగతి ఎవరికీ గుర్తులేదు. మర్నాడు ఆ నోటుపుస్తకానికి మామూలు న్యూస్‌పేపరు అట్ట వేసి ఉంది.

అన్నయ్య చెడ్డవాడు కాదమ్మా. మీ అమ్మకి జ్వరం వస్తే రాత్రంతా తల దగ్గర కూర్చునే మనిషి. కానీ మనం ఎంత అరిచినా అక్కడ బంతి వినదు కదా, ఆ నిస్సహాయత భరించలేక మనిషి కుర్చీని, చొక్కాని, గడపని నమ్ముకుంటాడు. కుర్చీ వల్ల గెలిచామని నమ్మినవాడికి, ఓడినప్పుడు ఎవరో ఒకరు దొరకాలి. దొరికేది ఎప్పుడూ పక్కనున్నవాళ్లే, అందులోనూ ఎదురు చెప్పలేనివాళ్లు. ఆడపిల్లకి "అచ్చిరావు" అన్న మాట ఎంత లోతుగా దిగుతుందో నీకు నేను చెప్పాలా?

మీ అమ్మకి ఆటలంటే పడదని నువ్వు అనుకుంటున్నావు. పోయినేడు ఆగస్టులో వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో మనవాళ్లు అదే పారిస్‌లో, అదే హాల్లో, అదే మలేసియా జంటని క్వార్టర్స్‌లో ఓడించిన రోజు నేను ఇక్కడే ఉన్నాను. వంటింట్లోంచే "ఎంతయ్యింది బాబాయ్?" అని అడిగింది. నాలుగు పాయింట్లకోసారి అడిగింది. గడప మాత్రం దాటలేదు. సెమీస్‌లో చైనావాళ్ల చేతిలో ఓడి కాంస్యంతో సరిపెట్టుకున్నారని చెబితే, "నయం, నేను చూడలేదు" అంది. ఆ మాటకి నేనేం చెప్పను?

కాబట్టి ఢిల్లీలో నీ పక్క సీటుకి మీ అమ్మకి టికెట్టు తియ్యి. అడిగితే వద్దంటుంది, అడక్కుండా తీసెయ్. హాల్లో గొంతు పోయేలా అరువు, ఏడుపొస్తే ఏడువు, టెన్షన్ పడు, ఇవేవీ వద్దనను. లక్కీ టీషర్టు కూడా వేసుకో, అది నీ ఒంటి మీదుంటే నాకేం అభ్యంతరం? ఓడిన వెంటనే ఓ ఐదు నిమిషాలు మాత్రం నోరు విప్పకు. సరదాకైనా "నువ్వొచ్చావు కదమ్మా" అన్నావో, నేను జన్మలో నీతో మాట్లాడను. 1999లో చెన్నైలో పాకిస్తాన్ మీద 12 పరుగుల్లో టెస్టు పోయింది, సచిన్ నడుం నొప్పితో 136 కొట్టి కూడా. ఆ జనం లేచి నిలబడి పాకిస్తాన్ వాళ్లకి చప్పట్లు కొట్టారు. ఆ ఐదు నిమిషాల్లో నీ చేతులకి పని కావాలంటే అలా కొట్టు.

మీ అమ్మ గేదెని వంక పెడుతుంది. ఈనబోతోంది, పాలవాడు సరిగ్గా రావట్లేదు అంటుంది. గేదె సంగతి నాకొదిలేశావని చెప్పు. మన అమలాపురానికి రైలు లేదు కాబట్టి హైదరాబాద్ బస్సెక్కించే పూచీ కూడా నాదే. అక్కడి నుంచి నీ వెంట తీసుకెళ్లు. టికెట్టు ఎంతయ్యిందో రాయి, పక్కింటి కుర్రాడి చేత ఫోన్‌పే చేయిస్తాను. నీ డబ్బుతో కొంటే "దానికెందుకే దండగ" అని మొదలుపెడుతుంది, నాదైతే ఏమీ అనలేదు.

ఇట్లు,
నీ చిన్నతాతయ్య