క్యాన్ నీళ్లు, కవర్లో సాంబారు

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. బోరు నీళ్లు బాగాలేవని 20 లీటర్ల క్యాన్లు తెప్పిస్తున్నాం. మిద్దెమీద ఎండలో పెడతాం. ప్లాస్టిక్‌తో ప్రమాదమా? బోరు నీళ్లే కాచి తాగొచ్చా?

జవాబు: కాచితే క్రిములు చస్తాయి, కానీ బోరు నీళ్లలో పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువుంటే అది పోదు. నీరు ఆవిరయ్యేకొద్దీ దాని గాఢత పెరుగుతుంది కూడా. ముందు ల్యాబులో ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీరు దొరక్కపోతే 1.5 వరకు అనుమతి ఉంది. నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపే టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను విడిగా చూపదు, కాబట్టి మీటరు ముంచి చూపించి ఫిల్టరు అమ్మేవాళ్ల మాట నమ్మకండి. ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఆర్వో (సన్నటి పొరగుండా నీటిని ఒత్తిడితో వడకట్టే) ఫిల్టరు తగ్గిస్తుంది. మామూలు కార్బన్ ఫిల్టరు చాలదు.

క్యాన్ అడుగున త్రికోణంలో 7 అని ఉండి, గాజులా గట్టిగా ఉంటే అది చాలావరకు పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. అందులోంచి బిస్ఫినాల్-ఎ (బీపీఏ) అనే రసాయనం నీళ్లలోకి కొద్దికొద్దిగా దిగుతుంది. వేడికి ఇంకా ఎక్కువ. క్యాన్ నీడలో పెట్టండి. రాగానే స్టీలు బిందెలోకి వంచుకుంటే మరీ మంచిది. గీతలుపడి మసకబారినదాన్ని తిప్పి పంపేయండి. వేడినీళ్లతో కడగొద్దు. ‘బీపీఏ లేదు’ అన్న ముద్రకు మురిసిపోనక్కర్లేదు, కొన్నిట్లో దాని బదులు అలాంటిదే అయిన బిస్ఫినాల్-ఎస్ వాడతారు.

నిజానికి క్యాన్ కన్నా హోటల్లో పల్చటి కవర్లో పోయించుకొచ్చే పొగలుకక్కే సాంబారు గురించే ముందు ఆలోచించాలి. స్టీలు క్యారియరు తీసుకెళ్లండి.