ఈరోజు సంతోషంగా ఉన్న క్షణం ఏది?

ప్రశ్న: లింగంపల్లి నుంచి నాంపల్లికి రోజూ ఎంఎంటీఎస్ రైల్లో వెళ్లి ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. పెద్ద కష్టాలేమీ లేవు. కానీ రాత్రి పడుకునేముందు, ఇవాళ ఎప్పుడు సంతోషంగా ఉన్నానా అని ఆలోచిస్తే ఒక్కటీ గుర్తురాదు. అందరికీ ఇంతేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చాలామందికి ఇంతేనమ్మా, ఇది మీ లోపం కాదు. అమెరికాలో మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ బృందం టెక్సస్‌లో ఉద్యోగాలు చేసే 909 మంది ఆడవాళ్ల చేత ముందురోజు ఏ పని చేస్తున్నప్పుడు మనసు ఎలా ఉందో రాయించింది. 2004లో వచ్చిన ఆ ఫలితాల్లో పొద్దున ఆఫీసుకు వెళ్లే ప్రయాణం అట్టడుగున ఉంది, నలుగురితో కలిసి గడిపిన సమయం పైన ఉంది. 2014లో షికాగోలో రైలు ఎక్కేవాళ్లలో కొందరిని పక్కవాళ్లతో మాట్లాడమన్నారు, కొందరిని మౌనంగా కూర్చోమన్నారు. మాట్లాడితే ప్రయాణం అంత హాయిగా ఉండదని ప్రయాణికులు అనుకున్నారు గానీ, హాయిగా ప్రయాణించింది మాట్లాడినవాళ్లే. మీ బోగీలో రోజూ కనిపించే ఆవిడ ఎవరో ఒకరు ఉండే ఉంటారు, రేపు ఆవిడ ఏ స్టేషన్లో దిగుతారో అడిగి చూడండి.

ఇక మీ పనిలోనే ఒక మంచి క్షణం ఉంది. పొద్దుటి నుంచి కలవని లెక్క, ఎక్కడో తారుమారైన ఒక్క అంకె దొరకగానే టాలీ అయిపోతుంది చూడండి, అప్పుడు గుండె తేలికపడుతుందా లేదా? కానీ మీరు ఆ వెంటనే ఇంకో ఫైలు తెరిచేసి ఉంటారు, అందుకే రాత్రికి అది గుర్తుండదు. అక్కడ ఒక్క నిమిషం ఆగండి. పక్క సీటులోవాళ్లతో "దొరికిందండీ" అని చెప్పండి, చెప్పుకున్న సంతోషం నిలుస్తుంది. పదకొండింటికి వచ్చే టీ స్క్రీన్ చూస్తూ తాగకండి, కప్పు పట్టుకుని కిటికీ దగ్గరకో వరండాలోకో వెళ్లండి.

సాయంత్రం ఇంటికి రాగానే నేరుగా వంటింట్లోకి వెళ్లడం మానేయాలని మాత్రం గట్టిగా చెబుతాను. కుక్కర్ పెట్టడం ఇంట్లో ఎవరికైనా వచ్చు, రాకపోతే నేర్పండి. అలసిపోయిన మనసుకు ఏ సంతోషమూ ఆనదు.

ఇవన్నీ చేసినా రెండు వారాలకు పైగా ఏదీ రుచించకుండా, నిద్ర, ఆకలి కూడా తగ్గితే డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.